ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది, హైవే మీద మామూలుగా ఉంటుంది: కూలింగ్‌లో లోపం ఎక్కడ?

సందేహం:

అందరికీ నమస్కారం. నాది ఏడేళ్ల పాత చిన్న పెట్రోల్ కారు. నెల రోజులుగా టెంపరేచర్ ముల్లుతో మనశ్శాంతి లేదు. ట్రాఫిక్‌లో ఓ పది నిమిషాలు ఆగుతూ కదులుతూ పోతే ముల్లు సగం దాటి ముప్పావు దాకా ఎక్కుతుంది. రోడ్డు ఖాళీ అయి 60 స్పీడులో పోతుంటే మళ్లీ తన చోటికి వచ్చేస్తుంది. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) కూడా తగ్గుతోంది. పది పదిహేను రోజులకోసారి బాటిల్లో ఒక గ్లాసు పోయాల్సి వస్తోంది. బండి కింద మాత్రం తడి కనబడదు.

మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక రేడియేటర్‌కి కూలెంట్ దారి తెరిచే వాల్వు) మార్చాడు, తేడా రాలేదు. ఇప్పుడు వాటర్ పంపు అంటున్నాడు. అదీ కాకపోతే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ దాని పై హెడ్‌కీ మధ్య ఉండే సీలు) అట. పిల్లలతో దూరం బయల్దేరాలంటే టెన్షన్‌గా ఉంది. ఇంకో వింత ఏంటంటే, ఏసీ వేస్తే ముల్లు దిగుతోంది. ఏసీ వేస్తే వేడి పెరగాలి కదా?

జవాబు:

ముందు ఒక్క మాట. ఇంకే పార్టూ మార్చనివ్వకండి. మీరు చివర్లో వింత అని రాశారే, అసలు ఆధారం అదే.

బండి ఎప్పుడు వేడెక్కుతుందో చూస్తే లోపం ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. స్పీడులో పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, అప్పుడు ఫ్యాన్‌తో పెద్దగా పని లేదు. ఆగి ఉన్నప్పుడు ఆ గాలి ఫ్యాన్ ఇవ్వాలి. కాబట్టి ట్రాఫిక్‌లో వేడి, హైవేలో మామూలు అంటే మొదట ఫ్యాన్ వైపే చూడాలి. దీనికి తిరగబడి, ట్రాఫిక్‌లో బాగుండి హైవేలో, ఘాట్ ఎక్కుతుంటే వేడెక్కితే రేడియేటర్ లోపల పూడుకుపోయిందనో, పంపు సరిగా తోయడం లేదనో అనుమానించాలి. స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే ముల్లు పైకి పోయి, రేడియేటర్ పై హోసు మాత్రం చల్లగానే ఉంటే థర్మోస్టాట్ మూసుకుని ఇరుక్కుంది. మీ లక్షణాల్లో అది లేదు, అందుకే అది మార్చినా ఫలితం రాలేదు.

ఇక ఏసీ సంగతి. చాలా కార్లలో ఏసీ ఆన్ చేయగానే ఇంజిన్ వేడితో సంబంధం లేకుండా ఫ్యాన్ తిరుగుతుంది. ఏసీ లేనప్పుడు మాత్రం కూలెంట్ వేడెక్కిందని సెన్సారో స్విచ్చో చెప్తేనే తిరుగుతుంది. అంటే మీ ఫ్యాన్ మోటారు బాగానే ఉంది. దానికి కబురు చేరడం లేదు.

ఇలా చూడండి. బండి బయట నిలిపి, ఏసీ ఆపేసి, ఇంజిన్ ఐడిల్‌లో వదిలేయండి. బానెట్ ఎత్తి ఉంచండి, చేతులు ఫ్యాన్ దగ్గరికి మాత్రం పోనివ్వకండి. కొన్ని బండ్లలో ఇగ్నిషన్ ఆపేసినా అది ఒక్కసారిగా తిరుగుతుంది. మామూలుగా కూలెంట్ 95, 100 డిగ్రీల మధ్యకి రాగానే ఫ్యాన్ మొదలవ్వాలి. ముల్లు సగం దాటినా మొదలవ్వకపోతే వెంటనే ఏసీ వేయండి. అప్పుడు తిరిగితే విషయం తేలిపోయినట్టే.

రేడియేటర్ క్యాప్ (మూత) మాత్రం వేడిలో ముట్టుకోవద్దు. లోపల నీళ్లు 100 డిగ్రీలు దాటి కూడా ప్రెషర్ వల్లే మరగకుండా ఉంటాయి. మూత తిప్పిన క్షణంలో ప్రెషర్ పోయి ఒక్కసారిగా మరిగి ఆవిరితో సహా మొహం మీదికి చిమ్ముతాయి. అలా కాలిన చెయ్యి నేను చూశాను, అందుకే గట్టిగా చెప్తున్నా.

అడిగినవారు:

చాలా థ్యాంక్సండి. మీరన్నట్టే చేశాను. ముల్లు ముప్పావుకి వచ్చినా ఫ్యాన్ కదల్లేదు. ఏసీ నొక్కగానే గిర్రున తిరిగింది, రెండు నిమిషాల్లో ముల్లు దిగింది. మరి కూలెంట్ ఎటు పోతున్నట్టు? ఇంకొకటి గమనించాను. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పై హోసు ఎవరో పిండినట్టు లోపలికి నొక్కుకుపోయి ఉంటోంది.

ఇంకొకరి జవాబు:

హోసు అలా చప్పిడిగా అయిందంటే క్యాప్ చూడండి. రేడియేటర్ క్యాప్‌లో రెండు వాల్వులుంటాయి. పెద్దది వేడిలో ప్రెషర్ నిలబెడుతుంది, ఎక్కువైతే బాటిల్లోకి వదులుతుంది. మధ్యలో ఉండే చిన్న బిళ్ల ఇంజిన్ చల్లారేటప్పుడు బాటిల్లోంచి కూలెంట్‌ని వెనక్కి తీసుకోవాలి. అది ఇరుక్కుంటే లోపల వాక్యూమ్ పుట్టి హోసుని పీల్చేస్తుంది. పూర్తిగా చల్లారాక క్యాప్ తీసి ఆ బిళ్లని గోటితో లాగి వదలండి, టక్కున వెనక్కి పోవాలి. కింద రబ్బరు వాచరు పగిలిందా, గట్టిపడిందా చూడండి. బాటిల్‌కి వెళ్లే సన్నపైపు మడతపడినా ఇలాగే అవుతుంది, అదీ ఒకసారి తడిమి చూడండి.

రబ్బరు పోతే ప్రెషర్ నిలబడదు. సగం నీళ్లు, సగం కూలెంట్ కలిపిన మిశ్రమం మంచి క్యాప్ కింద 120 డిగ్రీలు దాటాకే మరుగుతుంది. ప్రెషర్ లేకపోతే 107 దగ్గరే మొదలవుతుంది. మీ బండి ఫ్యాన్ లేక వేడెక్కిన ప్రతిసారీ కాస్త ఆవిరిగా పోయి ఉంటుంది. వేడి ఇంజిన్ మీద అది ఆరిపోతుంది కాబట్టి కింద తడి కనబడదు. అయినా టార్చి వేసి వాటర్ పంపు కింద, హోసు క్లిప్పుల చుట్టూ కూలెంట్ రంగులో ఎండిన పొక్కు ఏమైనా కట్టిందేమో చూడండి. పంపు సీలు పోతే దాని అడుగున చిన్న రంధ్రంలోంచి కారి ఆరిపోతుంది, మరక మిగులుతుంది.

జవాబు:

పై సలహా నూటికి నూరుపాళ్లు నిజం. హెడ్ గాస్కెట్ భయం కూడా ఇప్పుడే తీర్చేసుకోండి. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ క్యాప్ తీసి స్టార్ట్ చేయించండి. మొదట ఒకటి రెండు బుడగలొస్తే ఫర్వాలేదు. ఆగకుండా సన్నగా పొంగుతూ వస్తుంటేనే అనుమానం. మంచి వర్క్‌షాపుల్లో నీలం రంగు ద్రవంతో పరీక్ష చేస్తారు. కూలెంట్‌లోకి పొగ గ్యాసు వస్తుంటే ఆ నీలం పసుపుగా మారుతుంది. ఆయిల్ మూత కింద పాలమీగడలా కనబడిందని కంగారుపడొద్దు, రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండిలో తేమ వల్ల కూడా అలా అవుతుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే మాత్రం బండి నడపకుండా ఆపేయండి.

ఫ్యాన్ స్విచ్ కోసం రేడియేటర్ కింది మూలలో వెతకండి, రెండు వైర్ల కనెక్టరు ఉంటుంది. అది ఊడదీసి ఆకుపచ్చ చిలుము పట్టిందేమో చూడండి. కొన్ని బండ్లలో ఆ స్విచ్ అసలుండదు, ఇంజిన్ మీది సెన్సార్ చూసి కంప్యూటరే ఫ్యాన్ వేస్తుంది. అలాంటి సెన్సార్ వైర్లని ఒకదానికొకటి కలిపి పరీక్షించొద్దు, స్కానర్ పెట్టి చూపించుకోండి.

అడిగినవారు:

దొరికిందండి! రేడియేటర్ కింద స్విచ్ ఉంది. కనెక్టరు లోపల ఒక పిన్ను పచ్చగా చిలుము పట్టి సగం తినేసి ఉంది. ఇంకో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఆ రెండు పిన్నులూ వైరు ముక్కతో కలిపి చూపించాడు, ఫ్యాన్ తిరిగింది. స్విచ్, కనెక్టరు రెండూ మార్చాడు. క్యాప్ వాచరు మీద గోరు పెడితే పొడిగా రాలింది, చిన్న బిళ్ల కదల్లేదు. పాత క్యాప్ మీద ప్రెషర్ అంకె 1.1 అని ఉంది, అదే నంబరుది వేయించాను. బుడగలు లేవు, ఆయిల్ శుభ్రంగా ఉంది. పంపు దగ్గర కూడా మరక లేదు. స్విచ్ తీసినప్పుడు కారిన కూలెంట్ బదులు కొత్తది పోశాం. ఇప్పుడు డ్యాష్‌బోర్డు వెనకాల గులగులమని నీళ్ల చప్పుడు, హీటర్ వేస్తే చల్లగాలి. మళ్లీ ఏదో చెడిందా?

జవాబు:

ఏమీ చెడలేదు, లోపల గాలి చిక్కుకుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక కారు ముందు భాగం కాస్త ఎత్తులో ఉండేలా నిలపండి. హీటర్‌ని ఫుల్ వేడి మీద పెట్టి, క్యాప్ తీసి ఇంజిన్ ఐడిల్‌లో ఉంచండి. పై హోసుని మెల్లగా నొక్కి వదులుతుంటే గాలి బుడగలుగా వస్తుంది, మట్టం తగ్గినకొద్దీ కూలెంట్ పోస్తూ ఉండండి. థర్మోస్టాట్ తెరుచుకునేసరికి మట్టం ఒక్కసారి దిగుతుంది, అప్పుడు నింపి క్యాప్ బిగించేయండి. మట్టం పైకి పొంగడం మొదలైతే ఆగొద్దు, వెంటనే బిగించండి. కొన్ని మోడళ్లకి గాలి వదలడానికి విడిగా స్క్రూ ఉంటుంది, మాన్యువల్‌లో చూడండి. కలిపేది పాత రకం కూలెంటే అయ్యుండాలి. రంగు ఒకటే అయినంత మాత్రాన రకం ఒకటే అనుకోవద్దు, డబ్బా మీద చదవండి. నీళ్లు కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటరే కలపండి, కుళాయి నీళ్లు రేడియేటర్ సన్న గొట్టాల్లో గార కడతాయి.

తర్వాత ఒక వారం, పొద్దున్నే స్టార్ట్ చేయకముందు బాటిల్ మీద పెన్నుతో గీత పెట్టి మట్టం చూడండి. మొదటి రెండు రోజులు కాస్త దిగుతుంది, మిగిలిన గాలి బయటికి పోయిన చోటు అది. మూడో రోజు నుంచి గీత దగ్గరే నిలబడితే పిల్లలతో నిశ్చింతగా బయల్దేరండి. అప్పటికీ దిగుతుంటే ఇక్కడే రాయండి, రేడియేటర్‌కి పంపుతో ప్రెషర్ ఎక్కించి లీకు చూసే పద్ధతి చెప్తాను.