సమస్యాపూరణం: పంచమము మీట రిషభమే పలికె తీగ

నిర్వాహకుడు: ఈసారి సమస్య తేటగీతి పాదం.

పంచమము మీట రిషభమే పలికె తీగ

వీణలో అన్నిటికన్నా కింది స్వరమిచ్చే తీగను, అంటే అనుమంద్ర పంచమాన్ని, ఫోన్‌లోని ట్యూనర్ యాప్‌తో శ్రుతి చేసినవాళ్లకు ఈ మాట కొత్త కాదు. మూడు కట్టె శ్రుతిలో (షడ్జం పాశ్చాత్య స్వరం ‘ఇ’ అయినప్పుడు) ఆ తీగ సెకనుకు దాదాపు 62 సార్లు కంపిస్తుంది. ఫోన్ మైకు ముఖ్యంగా మన మాటల కోసం చేసింది. అంత కింది నాదం దానికి సరిగా అందదు. అదే తీగలో పుట్టే మూడు రెట్ల నాదం, అంటే దాదాపు 185 హెర్ట్జ్, బాగా అందుతుంది. అది రిషభంలో ఒక రకమైన చతుశ్రుతి రిషభం! యాప్ దాన్నే అసలు స్వరమనుకుంటుంది.

వైణికుడు:

వీణ యనుమంద్ర తీగను వినగ లేక
మూడు రెట్లున్న నాదమ్ము ముందు గాంచి
ఫోను తెరమీద చూపిన పొల్లు మాట:
"పంచమము మీట రిషభమే పలికె తీగ!"

శ్రుతిప్రియ: ధార బాగుందండీ. శాస్త్రమంతా రెండో పాదంలోనే ఇమిడింది. కానీ "పొల్లు మాట" అంటే ఒప్పుకోలేను. ఆ రిషభం తీగలో నిజంగానే ఉంది. యాప్ లేనిది చెప్పలేదు, ఉన్నదాంట్లో పైదాన్ని పట్టుకుంది. నా పూరణ అందుకే ఇలా:

తీగ మూడవ వంతులో తేలికగను
వేలికొన తాకి మీటగా వీణపైన
ఫోను లేకుండ చెవి విన్న పుణ్యమిదియె:
పంచమము మీట రిషభమే పలికె తీగ.

నిర్వాహకుడు: చాలా బాగుందమ్మా! ఏడో మెట్టుకు సరిగ్గా పైన తీగను నొక్కకుండా తాకి మీటితే రిషభమే వస్తుంది. సమస్యలోని విరోధం ఎవరినీ తప్పుపట్టకుండానే తీరిపోయింది. ఒక్క సవరణ: "వేలికొన తాకి" అంటే వేలికొనను ఎవరో తాకినట్టుంది. "వేలికొన చేర్చి" అనండి, గణం చెడదు.

బేస్ గిటార్ మిత్రుడు: మాకూ ఇదే బాధ. కింది ఇ తీగ 41 హెర్ట్జ్. యాప్ ఒక్కోసారి 124 దగ్గర బి చూపిస్తుంది, అంటే ఇ షడ్జమైతే దానికి పంచమం. పన్నెండో ఫ్రెట్ మీద తేలిగ్గా తాకి మీటితే రెట్టింపు నాదం వస్తుంది, దాన్ని ఫోన్ తేలిగ్గా పడుతుంది.

కొత్త విద్యార్థి: నా మొదటి పద్యం. దోషాలుంటే చెప్పండి.

చెవుల నడుగుము నిజమేదొ చెప్పు నవియె
తెరను నమ్ముచు బిరడను తిప్పబోకు
మంద్రమును పట్టజాలని ఫోను మాట:
"పంచమము మీట రిషభమే పలికె తీగ!"

వైణికుడు: రెండో పాదం నాకు ఎంతో నచ్చింది బాబూ. రిషభం చూపించిందని కంగారుపడి, తీగను బిగించే బిరడ తిప్పుకుంటూ పోతే, బాగున్న తీగ కాస్తా వదులైపోతుంది, లేదా తెగుతుంది. మూడో పాదంలో యతి తప్పింది: "మం"కి "ఫో" కుదరదు. "మైకు మాట" అంటే సరిపోతుంది, అర్థం కూడా మరింత సూటిగా ఉంటుంది.

శ్రుతిప్రియ: ఇంకో మాట. చెవినే అడగమనడం బాగానే ఉంది, కానీ నేర్చుకునేవాళ్ల చెవి కుదురుకోవడానికి కాలం పడుతుంది. అందాకా సారణిని, అంటే షడ్జం పలికే మొదటి తీగను, శ్రుతిపెట్టెతో కలపండి. తర్వాత అనుమంద్రాన్ని పన్నెండో మెట్టు దగ్గర తాకి మీటి, అప్పుడొచ్చే రెట్టింపు నాదాన్ని, అంటే 124 హెర్ట్జ్ పంచమాన్ని, యాప్‌లో చూడండి. గట్టిగా మీటకండి. గట్టిగా మీటితే స్వరం మొదట కాస్త పైకి పోయి ఆ తర్వాత దిగుతుంది. ముల్లు నిలకడయ్యాకే బిరడ మీద చెయ్యి వెయ్యండి.

కొత్త విద్యార్థి: "మైకు మాట" అని మార్చానండీ. పన్నెండో మెట్టు పద్ధతి కూడా ఇప్పుడే చూశాను, యాప్‌లో పంచమమే కనిపించింది.