సొంత చెట్లు కోయించి గుమ్మాలు చేయించుకోవడమా, కలప డిపోలో సైజుకి కోసిన కర్ర కొనడమా?

గట్టుమీదవేప
గుంటూరు వైపు మెట్ట పొలం. గట్ల మీద మూడు ముదురు వేపలున్నాయి. రొమ్మెత్తులో చుట్టుకొలతలు 54, 60, 48 అంగుళాలు. తిన్నగా ఉన్న మాను వరసగా 12, 10, 10 అడుగులు. పక్క ముక్కలో 14 ఏళ్ల టేకు నలభై చెట్లు, దాదాపు అన్నీ 30 అంగుళాల లోపే. ఇంటికి కావలసింది: సింహద్వారం ఒకటి (కర్ర 6×4 అంగుళాలు), లోపలి గుమ్మాలు అయిదు (5×3), నాలుగడుగుల కిటికీలు నాలుగు (5×3). ఇప్పుడు పుష్యమాసం. పునాది శ్రావణంలో, గుమ్మం ఎత్తే ముహూర్తం కార్తీకంలో. చెట్లు కొట్టించి మిల్లులో కోయించమని సగం మంది, అమ్మేసి మహారాష్ట్ర బలార్షా టేకు కొనమని సగం మంది. లెక్కతో చెప్పగలరా?

డిపోలెక్క
అమ్మేయండి. కారణం ధర కాదు, కోతలో పోయేది ఎంతో జనానికి తెలియదు. దుంగని మన దగ్గర పావు చుట్టుకొలత పద్ధతిలో కొలుస్తారు: చుట్టుకొలత అంగుళాల్లో తీసుకుని నాలుగుతో భాగించి, దాన్ని దానితోనే గుణించి, పొడవు అడుగులతో గుణించి, 144తో భాగించాలి. మీ 54 అంగుళాల వేప: 13.5 × 13.5 × 12 ÷ 144 = 15.2 ఘనపుటడుగులు. మిగతా రెండూ 15.6, 10. మొత్తం దాదాపు 41.

కావలసింది లెక్కేయండి. సింహద్వారం గడపతో కలిపి 24 అడుగుల పొడవు, 6×4 అంటే 4 ఘనపుటడుగులు. లోపలి గుమ్మం ఒక్కోటి 18 అడుగులు. కిటికీ మధ్య నిలువుతో కలిపి 21 అడుగులు. అన్నీ కలిపితే 22 చిల్లర. 41 ఉంది, 22 చాలు, ఇంకా మిగులుతుంది అనిపిస్తుంది చూడండి, అక్కడే బోల్తా పడతారు. 22 అనేది చిత్రిక పట్టిన ఎండు కొలత. పచ్చి కర్రని 5×3 కోసం 5½×3½ కోయాలి. అడ్డంగా నాలుగైదు మిల్లీమీటర్లు ఎండి తగ్గుతుంది, రెండు వైపులా చిత్రికకి మరో ఆరు మిల్లీమీటర్లు పోతుంది. ఆ లెక్కన 22 కాస్తా 28 అవుతుంది. అదీ గట్టు వేపలో. గట్టు మీది చెట్టు వంగి పెరుగుతుంది. వంపు కర్రలో లోపల బిగువు ఉంటుంది, రంపం సగం దాటేసరికి దూలం విల్లులా లేస్తుంది.

రంపపుపొట్టు
డిపోలెక్క గారూ, అంకెలు సరే గాని ఘనపుటడుగుల్లో లెక్కేస్తే గుమ్మం రాదు. దుంగ మొహం మీద బొమ్మ గీసుకుంటేనే వస్తుంది.

54 అంగుళాల చుట్టుకొలత అంటే అడ్డం 17 అంగుళాలు. బెరడు పోతే 16. చుట్టూ తెల్లచెక్క (బెరడు కింది లేత కర్ర) అంగుళంపావు చొప్పున వదిలేస్తే చేవ, అంటే లోపలి గట్టి కర్ర, పదమూడున్నర. నడుమ దవ్వ (మాను నడిబొడ్డులోని మెత్తటి భాగం) ఉన్న అంగుళం మందం పలకని విడిగా తీసేయాలి. దవ్వ గుమ్మం కర్రలో మిగిలితే అది ఎండేటప్పుడు మొహం మీద నిలువునా బీట వస్తుంది, ఏ లప్పం దాన్ని ఆపలేదు. ఆ పలకకి పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు 5½×3½ కర్రలు కుదురుతాయి. వాటి బయటి మూలలు నడిమి నుంచి దాదాపు 7 అంగుళాల దూరంలో పడతాయి కాబట్టి మూలల్లో కొంచెం తెల్లచెక్క తగులుతుంది. ఆ మూల గోడలోకి కాకుండా గది వైపు పెట్టించండి. పురుగు పడితే కనిపిస్తుంది, మందు పూయొచ్చు. గోడలోకి తిప్పితే లోపలే తినేస్తుంది.

ఇక పొడవు. 12 అడుగుల దుంగకి రెండు చివర్లా అరడుగు చొప్పున పగుళ్లకి వదలాలి, మిగిలేది 11. అందులో నిలువుకర్ర 7 అడుగుల 3 అంగుళాలు, పై అడ్డకర్ర మూడున్నర అడుగులు. సరిగ్గా సరిపోయింది! అంటే ఈ ఒక్క దుంగ నాలుగు నిలువులు, నాలుగు అడ్డాలు ఇస్తుంది. 60 అంగుళాల చెట్టులోనూ నాలుగు కర్రలే, పొడవు 10 కనక నాలుగు నిలువులు, మిగతావి పీటలకి పనికొచ్చే తుండ్లు. 48 అంగుళాల దానిలో చేవ పన్నెండుకి మించదు, దవ్వ తప్పించి రెండు కర్రలు. మొత్తం పది నిలువులు, నాలుగు అడ్డాలు. అయిదు లోపలి గుమ్మాలకి ఒక్క అడ్డకర్ర తక్కువ. అంతే. సింహద్వారం రాదు, కిటికీలు రావు. అవి కొనండి. పక్కల నుంచి వచ్చే అంగుళంన్నర పలకలు అలమర అరలకి పనికొస్తాయి.

ఇంతా మూడు చెట్లూ గుల్ల కాకపోతేనే. ముదురు వేపలో తొర్ర బయటికి కనపడదు. గొడ్డలి వెనక భాగంతో మానుని కింద నుంచి పైకి తట్టుకుంటూ వెళ్లండి. ఖంగుమంటే గట్టిది, డొల్ల మోత వస్తే లెక్కలోంచి తీసేయండి.

కట్టెపని_ఖమ్మం
రంపపుపొట్టు అన్న గీసిన బొమ్మ మంచిగుంది గని టేకు సంగతి ఎవ్వరు మాట్లాడుతలేరు. 14 ఏండ్ల టేకు మీద ఆశ పెట్టుకోకుండ్రి. 30 అంగుళాల చుట్టు అంటే అడ్డం తొమ్మిదిన్నర. బెరడు, తెల్లచెక్క పోతే చేవ ఏడు అంగుళాలు. దవ్వ తప్పిస్తె అండ్ల 5×3 కట్టె ఒక్కటి గూడ ఎల్లదు. దవ్వతోనే దర్వాజ చేసి "సొంత టేకు" అని చూపిస్తరు, రెండో ఎండకాలం నడుమ చీలుతది. లేత టేకుల నూనె శాతం తక్కువ, ఆ తెల్లచెక్కను చెదలు వదలదు. ఆ నలభై చెట్లను ఇంక పదిహేను ఏండ్లు నిలబెట్టుండ్రి. లేకుంటె ఒకటి విడిచి ఒకటి తీసి పందిరి గుంజలకు వాడుండ్రి, మిగిలినయి లావెక్కుతయి.

ఇంకోటి. టేకు మీ పట్టా భూమిల ఉన్నా కొట్టెటందుకు అనుమతి కావాలె, దాటించెటందుకు ట్రాన్సిట్ పర్మిట్ కావాలె. 2002 వాల్టా (నీళ్లు, భూమి, చెట్ల) చట్టం రెండు రాష్ట్రాలల్ల ఉంది. ఫారెస్టోళ్లొచ్చి దుంగ మొహం మీద సుత్తి ముద్ర కొట్టినంకనే బండి కదలాలె. సరుగుడు, సుబాబుల్, జామాయిల్ లెక్క తేలికగ టేకు పోదు. వేపకు గూడ కొట్టకముందే రేంజ్ ఆఫీసుల అడుగుండ్రి, కొట్టినంక అడిగితె మాట వేరేగుంటది.

గట్టుమీదవేప
ముగ్గురికీ ధన్యవాదాలు. టేకు జోలికి వెళ్లను. చైన్‌సా మిల్లు కట్టి పొలంలోనే కోసేవాళ్లున్నారట. దుంగ మోసే ఖర్చు తప్పుతుంది కదా?

డిపోలెక్క
రంపం మందం అడిగారా ముందు? బ్యాండ్ రంపం రెండు నుంచి మూడు మిల్లీమీటర్లు తింటుంది. గుండ్రటి రంపం అయిదారు. చైన్‌సా తొమ్మిది దాకా. అంగుళం పలకలు కోస్తే చైన్‌సాతో ప్రతి 34 మిల్లీమీటర్లలో 9 పొట్టే, అంటే నాలుగో వంతుకి మించి నేల పాలు. దళసరి గుమ్మం కర్రలకి ఆ నష్టం తక్కువే, ఒప్పుకుంటాను. కానీ తిన్నదనం రాదు. రంపాన్ని తిన్నగా నడిపే రైలు పట్టీ సరిగ్గా కట్టకపోతే ఈ చివర 3½, ఆ చివర 3 వస్తుంది. పాత రోజుల్లో గుంట మీద దుంగ ఎక్కించి ఇద్దరు మనుషులు జాజు దారం గీతని పట్టుకుని కోసిన కోత ఇంతకన్నా నిటారుగా ఉండేది!

బ్యాండ్ రంపాన్నే బండి మీద తెచ్చి కూలికి కోసేవాళ్లయితే వాళ్లకి అటవీ శాఖ లైసెన్సు ఉందో లేదో చూడండి. 2002లో సుప్రీంకోర్టు ఉత్తర్వు తర్వాత లైసెన్సు లేని సా మిల్లు నడవకూడదు.

రంపపుపొట్టు
మిల్లుకే పంపండి. పంపే ముందు మాను అడుగు భాగం ఆరడుగుల మేర చూడండి. గట్టు వేపకి కంచె తీగలు, మేకులు కొట్టి ఉంటారు. చెట్టు వాటిని మింగేసి బెరడు కప్పేసుకుంటుంది. కోసిన మొహంలో నలుపు-నీలం మరక నిలువుగా కనపడితే ఇనుము లోపలుందని అర్థం. బ్లేడు పోతే మిల్లువాడు ఆ డబ్బు మీ దగ్గరే వసూలు చేస్తాడు, చేయాలి కూడా.

సైటింజనీర్
అందరూ కోత దగ్గరే ఆగిపోయారు. సొంత కర్రతో చేసిన గుమ్మం చెడేది మిల్లులో కాదు, ఎండబెట్టడంలో. పుష్యంలో కొట్టి కార్తీకంలో ఎత్తడమంటే పది నెలలు. అంగుళం పలకైతే మన ఎండకి మూడు నాలుగు నెలలు చాలు. మూడున్నర అంగుళాల వేప పది నెలల్లో, నడుమ వానాకాలం పెట్టుకుని, 18 శాతం తేమకి దిగితే గొప్ప. గుమ్మానికి 12 నుంచి 14 కావాలి. అందుకే చెబుతున్నా: ఈ ఇంటికి కొనండి. చెట్లు కొట్టి నీడన పేర్చుకుంటే పై అంతస్తు వేసేనాటికి పనికొస్తాయి.

రంపపుపొట్టు
> ఈ ఇంటికి కొనండి

అంత తేలిగ్గా వదలక్కర్లేదు. డిపోలో "ఎండినది" అని ఇచ్చే కర్రని ఎన్నిసార్లు కొలిచి చూశారు? తేమ మీటరు పిన్నులు పైన గుచ్చితే 13 చూపిస్తుంది. అదే కర్రని మధ్యకి కోసి, ఆ తాజా మొహం మీద గుచ్చితే 22 చూపించడం మామూలే. కొన్నదాంట్లో ఎప్పుడు కోశారో తెలియదు. సొంతదాంట్లో తేదీ అయినా తెలుసు.

పేర్చడం ఇలా. నేల నుంచి అడుగున్నర ఎత్తులో సిమెంటు దిమ్మెలు. వాటిపై కర్రలు, వరసకీ వరసకీ మధ్య అంగుళం చదరపు పట్టీలు, రెండేసి అడుగుల దూరంలో. పై వరస పట్టీ కింది వరస పట్టీ నెత్తిన సూటిగా పడాలి, పక్కకి జరిగితే కర్ర మెలి తిరుగుతుంది. కోసిన రోజే చివరి మొహాలకి తారు గానీ మిగిలిన ఆయిల్ పెయింటు గానీ రెండు పూతలు. చివరి నుంచి తేమ పక్కలకన్నా ఎన్నో రెట్లు వేగంగా పోతుంది, పగుళ్లు మొదలయ్యేది అక్కడే. పైన రాళ్ల బరువు. పడమట వైపు గోనెపట్టా కట్టండి, వైశాఖం వడగాలి నేరుగా తగిలితే పైపొర ఎండి లోపల పచ్చిగా మిగిలి సన్న చీలికలు వస్తాయి. రేకు కప్పితే రేకుకీ కర్రకీ మధ్య రెండడుగుల ఖాళీ.

మీటరు లేకపోతే కాటా చాలు. కర్రతోపాటే పేర్చిన ఒక తుండు మధ్యలోంచి అంగుళం బిళ్ల కోసి వెంటనే తూచండి. 640 గ్రాములు అనుకోండి. ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర, బరువు తగ్గడం ఆగేదాకా ఉంచండి. 500 దగ్గర ఆగితే, పోయిన 140ని 500తో భాగిస్తే 28 శాతం. ఆషాఢంలో ఒకసారి ఇలా చూసి, 25కి దిగి ఉంటే మిగతాది డిపో కిల్న్‌లో (వేడిగాలితో కర్ర ఎండబెట్టే గది) దించండి. పచ్చి కర్రని నేరుగా కిల్న్‌లో పెడితే మాత్రం పైకి బాగుండి లోపల తేనెపట్టులా చీలుతుంది.

కట్టెపని_ఖమ్మం
పురుగు మాట గూడ చెప్పుండ్రి. వేపకు పురుగు పట్టదు అనేది సగం నిజమే. చేవకు పట్టదు, తెల్లచెక్కను పొట్టు పొట్టు చేస్తది. అమాస దినం కొడితె పట్టదంటరు, తెల్లచెక్కల పిండి పదార్థం ఉన్నన్ని దినాలు అమాస ఏం చెయ్యదు. పాతోళ్లు దుంగలను చెరువుల రెండు మూడు నెలలు నానేసేది అందుకే, ఆ పిండి నీళ్లల్ల కలిసి పోతది. చెరువు లేకుంటె వంద లీటర్ల నీళ్లల్ల రెండు కిలోల బోరిక్ యాసిడ్, మూడు కిలోల బోరాక్స్ కలిపి, కోసిన పచ్చి కట్టెను అండ్ల ముంచాలె. తీసినంక నెల దినాలు పట్టా కప్పి పెడితె మందు లోపటికి గుంజుకుంటది. ఎండిన కట్టెకు పూస్తె మీద మీదనే ఉంటది. వాన తగిలె జాగకు ఇది పనికిరాదు, కడుక్కపోతది.

సైటింజనీర్
మందు సరే. నేనన్నది తేమ గురించి, దానికి జవాబు సగమే వచ్చింది. కిల్న్‌లో 12కి దించిన కర్రనే తెచ్చి గోడతోపాటు ఎత్తితే ఏమవుతుంది? ఇటుక పనికి రోజూ నీళ్లు, ఆ తర్వాత ప్లాస్టరింగుకి నీళ్లు. గోడ వైపు మొహం తడి పీల్చి ఉబ్బుతుంది, గది వైపు ఎండుతుంది, నిలువుకర్ర వంగుతుంది. తలుపు రెక్క పట్టేస్తోందని వడ్రంగిని తిడతారు. కొన్న కర్రకైనా ఇదే గతి.

డిపోలెక్క
ఈ మాట వందసార్లు చెప్పదగ్గది. ముహూర్తానికి సింహద్వారం ఒక్కటి ఎత్తండి, అది ఎలాగూ కొనేదే. లోపలి అయిదింటికి గోడలో ఖాళీ వదిలేయండి, వెడల్పులో అటూ ఇటూ అరంగుళం ఎక్కువగా. ప్లాస్టరింగ్ ఆరాక మేకు దిమ్మెలకి (గోడలో పొదిగిన చెక్క ముక్కలు) స్క్రూలతో బిగించుకోవచ్చు. అప్పుడు మీ వేపకి మరో నాలుగైదు నెలలు కలిసొస్తాయి. వేప విషయంలో నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నా. కిటికీలు కొనమన్న మాట మార్చుకోను.

సైటింజనీర్
అలాగైతే నాకూ అభ్యంతరం లేదు. బిగించే ముందు గోడ వైపు మొహానికి అవిసె నూనె ప్రైమరు రెండు పూతలు మరిచిపోవద్దు. వేపలో పోగు అల్లుకుని ఉంటుంది, చిత్రిక ఒక వైపు నుంచి నున్నగా పోతే మరో వైపు నుంచి పెళ్లలు లేపుతుంది. బ్లేడు పదునుగా, కోత పలచగా ఉండాలి. స్క్రూకి ముందుగా రంధ్రం వేయకపోతే చివర చీలుతుంది.

గట్టుమీదవేప
వేపలు లోపలి గుమ్మాలకి, సింహద్వారం కిటికీలు డిపోలో, టేకు అలాగే నిలబడుతుంది. రేపు గొడ్డలి వెనకతో తట్టి చూస్తాను. ఆ తక్కువ పడిన ఒక్క అడ్డకర్ర సంగతేంటి?

రంపపుపొట్టు
60 అంగుళాల చెట్టు మాను పైన మొదటి కొమ్మ చుట్టుకొలత చూడండి. 36 దాటి, నాలుగడుగులు తిన్నగా ఉంటే అందులో వస్తుంది, దవ్వని మాత్రం గోడ వైపు వచ్చేలా కోయించండి. కొమ్మ కర్ర బిగువు ఎక్కువ, అందుకని రెండు కోయించి ఎండాక తిన్నగా ఉన్నది వాడుకోండి.