రెవరెండ్ జేమ్స్ లాసన్: నాగపూర్‌లో ఏం నేర్చుకున్నారు, నాష్‌విల్‌లో ఏం నేర్పారు?

గోదావరి_యువత:

అందరికీ వందనాలు. వచ్చే నెల మా సంఘం యువజన కూడికలో అమెరికాలో నల్లవాళ్ల హక్కుల ఉద్యమానికి అహింస నేర్పిన మెథడిస్టు పాస్టరు జేమ్స్ లాసన్ గారి గురించి మాట్లాడాలి. ఒకచోట ఆయన గాంధీజీ శిష్యుడని చదివాను, ఇంకోచోట మార్టిన్ లూథర్ కింగ్ శిష్యుడని ఉంది. ఏది నిజం? నాగపూర్‌లో ఉన్నారంటారు, ఎప్పుడు, ఏ పని మీద? నాష్‌విల్‌లో విద్యార్థులకు ఇచ్చిన శిక్షణలో అసలు ఏం చేయించేవారు? అందులో కొంత మా పిల్లలతో చేసి చూపించాలని ఉంది. యూనివర్సిటీ నుంచి ఎందుకు పంపేశారో కూడా చెప్పండి.

పాత_బీరువా:

ముందు గాంధీజీ సంగతి. లాసన్ గారు భారతదేశానికి వచ్చింది 1953లో. అప్పటికి గాంధీజీ పోయి ఐదేళ్లు. కాబట్టి నేరుగా శిష్యరికం కుదిరే పని కాదు. కింగ్ శిష్యుడన్నది కూడా తప్పే. లాసన్ పుట్టింది 1928 సెప్టెంబర్ 22న, కింగ్ 1929 జనవరి 15న. వయసులో ఈయనే దాదాపు నాలుగు నెలలు పెద్ద. అహింసా పద్ధతి విషయంలో కింగే ఈయన్ని గురువు స్థానంలో చూశారు.

పుట్టింది పెన్సిల్వేనియాలో, పెరిగింది ఒహాయోలోని మాసిలన్‌లో. తండ్రి కూడా పాస్టరే. ఒహాయోలోనే బెరియా ఊళ్లో ఉన్న బాల్డ్విన్-వాలెస్ కాలేజీలో చదివారు. అది మెథడిస్టులు పెట్టిన కాలేజీ. కొరియా యుద్ధం రోజుల్లో సైన్యంలో చేరమని పిలుపు వస్తే వెళ్లనన్నారు. విద్యార్థిగానో, బోధకుడిగానో మినహాయింపు అడిగితే దొరికేది. అలా అడగడమంటే ఆ చట్టాన్ని ఒప్పుకున్నట్టే అని అడగలేదు. 1951లో శిక్ష పడింది, ఏడాదికి పైగా ఫెడరల్ జైల్లో ఉండి, బయటికొచ్చి డిగ్రీ పూర్తి చేశారు. మీ కూడికలో ఈ ఘట్టాన్ని వదిలెయ్యకండి. నాగపూర్‌కి రాకముందే ఆయన అహింసావాది, యుద్ధ వ్యతిరేకి. ఇక్కడికొచ్చాక మారిపోయిన మనిషి కాదు.

నాగపూర్‌లో హిస్లాప్ కాలేజీకి మిషన్ తరఫున వచ్చారు. 1956 దాకా అక్కడే విద్యార్థుల మధ్య పని, ఆటల్లో శిక్షణ. సత్యాగ్రహం ఎలా నడిచిందో చదివి, అందులో పాల్గొన్నవాళ్లను అడిగి తెలుసుకున్నారు. అమెరికాలో మాంట్‌గమరీ ఊళ్లో నల్లవాళ్లు కింగ్ నాయకత్వంలో బస్సులెక్కడం మానేసిన బహిష్కరణ వార్త కూడా నాగపూర్ పేపర్లోనే చూశారు. తిరిగి వెళ్లి ఒబర్లిన్‌లో వేదాంతం చదువుతుండగా 1957 ఫిబ్రవరిలో కింగ్ అక్కడికి వచ్చారు. చదువు అయ్యేదాకా ఆగకుండా దక్షిణాదికి ఇప్పుడే రమ్మన్నారు. అలా 1958లో టెనెస్సీ రాష్ట్రంలోని నాష్‌విల్ చేరారు.

కౌంటర్_స్టూలు:

శిక్షణ గురించి నేను చెప్తాను. చాలామంది ఇక్కడే తొందరపడి లంచ్ కౌంటర్ (షాపుల్లో తినడానికి కూర్చునే చోటు, నల్లవాళ్లని కూర్చోనిచ్చేవారు కాదు) దగ్గర దెబ్బలు తినడం దాకా వెళ్లిపోతారు. లాసన్ గారి పద్ధతిలో అది మూడో మెట్టు.

మొదటిది విచారణ. నాష్‌విల్‌లో నల్లవాళ్లకు అన్నిటికన్నా రోజువారీగా బాధ కలిగించేది ఏమిటని వాళ్లనే అడిగారు. ఆడవాళ్లు చెప్పిన మాట: డౌన్‌టౌన్ షాపుల్లో డబ్బు పెట్టి బట్టలు కొంటాం, పిల్లలతో కాసేపు కూర్చుని తినడానికి మాత్రం చోటుండదు. లక్ష్యం అలా తేలింది. రెండోది సంప్రదింపులు. 1959 నవంబర్ 28న హార్వీస్ షాపులో, డిసెంబర్ 5న కెయిన్-స్లోన్ షాపులో పరీక్షగా కూర్చున్నారు. ముందు ఏదో ఒక వస్తువు కొనాలి, అప్పుడు వాళ్లు ఆ షాపు కస్టమర్లే. తర్వాత కౌంటర్ దగ్గర కూర్చోవాలి. ఇవ్వం అంటే మేనేజర్‌ని పిలిపించి కారణం అడగాలి, మర్యాదగా లేచి రావాలి. గొడవ లేదు, అరెస్టులు లేవు.

ఈలోగా క్లార్క్ మెమోరియల్ మెథడిస్టు చర్చిలో మంగళవారం రాత్రుల్లో తరగతులు జరిగేవి. డయాన్ నాష్, జాన్ లూయిస్, బెర్నార్డ్ లఫాయెట్, జేమ్స్ బెవెల్ అక్కడ తయారైనవాళ్లే. సగం మంది కౌంటర్ దగ్గర కూర్చున్నట్టు, సగం మంది దాడిచేసే గుంపులా నటించేవారు. బూతులు తిట్టడం, మొహాన సిగరెట్ పొగ వదలడం, కుర్చీలోంచి లాగెయ్యడం. తర్వాత పాత్రలు మార్చేవారు. కింద పడితే ముడుచుకుని తల కాపాడుకోవడం, ఒక్కడినే పట్టుకుని కొడుతుంటే మిగతావాళ్లు తమ ఒంటిని అడ్డుపెట్టడం, కొట్టేవాడి కళ్లలోకి చూడడం నేర్పేవారు. ఎదుటివాడు మనిషిని చూస్తున్నానన్న సంగతి మర్చిపోకూడదని ఆ చూపు.

ఇక మూడో మెట్టు. 1960 ఫిబ్రవరి 13న 124 మంది విద్యార్థులు మంచులో నడిచి వెళ్లి డౌన్‌టౌన్ షాపుల్లో కూర్చున్నారు. ఆదివారం చర్చికి వెళ్లే బట్టలు, చేతిలో పాఠ్యపుస్తకాలు. ఆ నెలలోనే లూయిస్, లఫాయెట్ రాసిన నియమాల కాగితం అందరికీ పంచారు: తిరిగి కొట్టొద్దు, తిట్టొద్దు, పైకి నవ్వొద్దు, దారికి అడ్డం నిలబడొద్దు, నాయకుడు చెప్పకుండా సీటు వదలొద్దు, నిటారుగా కౌంటర్ వైపే తిరిగి కూర్చోవాలి. ఫిబ్రవరి 27న గుంపు వచ్చి కొట్టింది, పోలీసులు కొట్టినవాళ్లని వదిలేసి 81 మంది విద్యార్థుల్ని పట్టుకెళ్లారు. ఒక జట్టుని తీసుకెళ్లగానే ఇంకో జట్టు వచ్చి అవే సీట్లలో కూర్చుంది. కోర్టు 50 డాలర్ల జరిమానా వేస్తే చాలామంది కట్టకుండా జైలుకే వెళ్లారు.

పక్కన షాపుల బహిష్కరణ కూడా నడిచింది, ఈస్టర్ కొనుగోళ్లు దెబ్బతిన్నాయి. ఏప్రిల్ 19న విద్యార్థుల లాయరు లూబీ ఇంటిమీద బాంబు వేశారు. ఆ రోజే వేలమంది మౌనంగా సిటీ హాలుకి నడిచారు. మేయర్ బెన్ వెస్ట్‌ని డయాన్ నాష్ సూటిగా అడిగితే, రంగును బట్టి మనిషిని వేరుచేయడం తప్పేనని ఆయన ఒప్పుకున్నారు. మే 10న కౌంటర్లు తెరుచుకున్నాయి. నాలుగో మెట్టయిన సమాధానపడడం కూడా ఒప్పందంలోనే ఉంది: మొదట చిన్న చిన్న జట్లుగా, షాపులవాళ్లకి ముందే చెప్పి వెళ్లారు.

ఆయన చెప్పింది ఆయనే చేశారనడానికి ఒక సంగతి. కౌంటర్ల ఉద్యమం రోజుల్లో తోలు జాకెట్టు వేసుకున్న ఒక కుర్రాడు ఆయన మొహాన ఉమ్మాడు. లాసన్ వాణ్నే చేతిరుమాలు అడిగారు. వాడు బిత్తరపోయి ఇచ్చాడు. తుడుచుకుని తిరిగి ఇచ్చేసి, నీకు మోటార్‌సైకిల్ ఉందా అని మాట కలిపారు. వాడు బండి గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

గోదావరి_యువత:

చాలా థాంక్సండి. ఆ నటించే భాగం మా పిల్లలతో చేయిస్తే ఏమైనా ఇబ్బందులుంటాయా?

కౌంటర్_స్టూలు:

ఉంటాయి. తిట్టే పాత్రలో ఉన్నవాళ్లకి ఊపు వచ్చేసి నిజంగానే నెట్టేస్తారు, చూసేవాళ్లు నవ్వుతారు, అక్కడితో అది నాటకం అయిపోతుంది. ఆపమనే మాట ఒకటి ముందే పెట్టుకోండి. చెయ్యి తగలకూడదనండి. ఐదు నిమిషాలకి ఆపి పాత్రలు మార్చండి, ఆ తర్వాత ఒక్కొక్కరినీ ఎక్కడ కోపం వచ్చిందో అడగండి. నాష్‌విల్‌లో కూడా ఈ మాట్లాడుకోవడం మీద బాగా సమయం పెట్టేవారు. మన దగ్గరైతే కులం పేరుతో తిట్లు వాడనివ్వకండి, ఆ గదిలోనే వాటిని నిజంగా పడ్డవాళ్లు ఉండొచ్చు.

శిక్షణ లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి టెనెస్సీలోనే ఉన్న మెంఫిస్ ఊరు చాలు. 1968 ఫిబ్రవరి 1న చెత్త లారీ యంత్రంలో పడి ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు నలిగి చనిపోయారు, 12న దాదాపు 1,300 మంది సమ్మెకి దిగారు. లాసన్ అప్పుడు అక్కడ సెంటినరీ మెథడిస్టు చర్చి పాస్టరు, సమ్మె వ్యూహ కమిటీకి అధ్యక్షుడు. కింగ్‌ని రప్పించింది ఆయనే. మార్చి 28 ఊరేగింపులోకి ఏ తరగతీ చూడని జనం వేలల్లో వచ్చారు. కింగ్ రావడం ఆలస్యమైంది. ప్లకార్డులకి కట్టిన కర్రలతోనే కొందరు షాపుల అద్దాలు పగలగొట్టారు. లాసన్ మైకులో ఊరేగింపు ఆపి అందర్నీ చర్చికి మళ్లించారు. ఆ రోజు పోలీసు కాల్పుల్లో 16 ఏళ్ల కుర్రాడు పోయాడు. ఏప్రిల్ 4న కింగ్ హత్య జరిగాక 8న మళ్లీ ఊరేగింపు తీశారు. ఈసారి వరుసల పక్కన కార్యకర్తల్ని నిలబెట్టి, మౌనంగా నడిపించారు, ఒక్క గొడవ జరగలేదు. 16న సమ్మె పరిష్కారమైంది.

పాత_బీరువా:

యూనివర్సిటీ ప్రశ్న మిగిలిపోయింది. ఆయన నాష్‌విల్‌లోని వేండర్‌బిల్ట్ యూనివర్సిటీ డివినిటీ స్కూల్లో (వేదాంతం చెప్పే విభాగం) చదువుతుండగా 1960 మార్చి 3న బహిష్కరించారు. చదువులో లోపం కాదు. కౌంటర్ల ఉద్యమం వెనక ఆయనే ఉన్నాడని నాష్‌విల్ బ్యానర్ పత్రిక గట్టిగా రాసింది, దాని అధిపతి యూనివర్సిటీ ట్రస్టీ కూడా. మర్నాడే చర్చిలో ఉండగా అరెస్టు. నిరసనగా డివినిటీ డీన్, అధ్యాపకులు రాజీనామాలు ఇచ్చారు. డిగ్రీ పూర్తి చేయొచ్చని తర్వాత రాజీకి వచ్చినా ఆయన బోస్టన్‌లో ముగించారు. 2006లో అదే వేండర్‌బిల్ట్ ఆయన్ని ఆచార్యుడిగా పిలిచింది, ఆయన వెళ్లారు.

1974 నుంచి 1999 దాకా లాస్ ఏంజెలెస్‌లో హోల్మన్ యునైటెడ్ మెథడిస్టు చర్చి. వలస వచ్చిన హోటల్ కార్మికులకి అదే పద్ధతి నేర్పారు. 2024 జూన్ 9న 95 ఏళ్ల వయసులో పోయారు.

స్లైడ్లు చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. తండ్రిగారిది ఏఎంఈ జయాన్, అంటే నల్లవాళ్ల మెథడిస్టు శాఖ, ఈయన మెథడిస్టు చర్చిలోకి వచ్చారు. 'యునైటెడ్ మెథడిస్టు' అన్న పేరు 1968 ఏప్రిల్లో పుట్టింది కాబట్టి నాష్‌విల్ రోజులకి అది వాడకండి. 1939 నుంచి ఆ మెథడిస్టు చర్చే నల్లవాళ్ల సంఘాల్ని విడిగా ఒక విభాగంలో పెట్టింది, పిల్లలకి అదీ చెప్పండి. ఇక ఫోటో. నాష్‌విల్‌లోనే ఫిస్క్ యూనివర్సిటీకి జేమ్స్ రేమండ్ లాసన్ అనే భౌతికశాస్త్రవేత్త అధ్యక్షుడిగా చేశారు. వెతికితే ఇద్దరి ఫోటోలూ కలిసి వస్తాయి. మన ఆయన పేరు జేమ్స్ మోరిస్ లాసన్ జూనియర్. పూర్తి పేరుతోనే వెతకండి.