జాలరి అనవచ్చా? గాలం పట్టిన కుర్రవాడికి సరైన మాట కావాలి

విజయవాడలో మా పిన్నిగారింటి ముందుగదిలో ఒక తైలవర్ణ చిత్తరువు ఉంది. పన్నెండేళ్ల కుర్రవాడు, భుజాన వెదురు గడ, మొప్పలో రెండు వేళ్లు దూర్చి ఎత్తి పట్టుకున్న కొరమీను. చేప బరువుకు మణికట్టు కిందికి వంగింది. చిత్రకారుడు ఆ వంపును ఎంత శ్రద్ధగా గీశాడో! పటం కింద ఇత్తడి రేకు మీద ‘జాలరి బాలుడు’ అని చెక్కించారు. చూసినప్పుడల్లా నా మనసు ఒప్పదు. జాలరి అన్న మాటలోనే జాలం, అంటే వల, ఉంది. వీడి దగ్గర వల ఎక్కడిది? గడ, దారం, దారానికి కట్టిన నెమలి ఈక కాడ, అంతే.

‘గాలం వేసేవాడు’ అందామంటే ఆ మాటను పత్రికలు ఎప్పుడో వలపన్నే మోసగాళ్లకు ఇచ్చేశాయి. కాలువ గట్టున బెండు మీద చూపు నిలిపి గంటలు కూర్చునేవారిని చూస్తే నాకు ఓర్పే తప్ప మోసం కనబడదు. పెద్దలు ఒక మాట చెప్పండి.

గుంటూరు నుంచి జవాబు:
అమ్మా, మీ అభ్యంతరం న్యాయమైనది. అమరకోశం అనే సంస్కృత నిఘంటువులో, నీటికి సంబంధించిన మాటలుండే వారివర్గంలో, వలకు ఆనాయం, జాలం అనీ, గాలానికి ‘బడిశం మత్స్యవేధనమ్’ అనీ వేర్వేరుగా ఉన్నాయి. చేపలు వేసుకునే బుట్టకు కూడా కువేణి అని పేరుంది. మనిషి దగ్గరికి వచ్చేసరికి కైవర్తుడు, దాశుడు, ధీవరుడు: వల పట్టినా గాలం పట్టినా అవే. ‘బడిశధారి’ అని సమాసం కట్టవచ్చు గాని, పటం ముందు నిలబడ్డ పిల్లలకు అది అర్థం కాదు. నేనైతే ‘గాలపు కుర్రవాడు’ అంటాను. గుర్రం ఎక్కినవాణ్ణి గుర్రపు రౌతు అంటున్నాం కదా, ఇదీ అదే తీరు. ‘గాలపు’ అన్నప్పుడు చేతిలోని వస్తువే కళ్లముందుకు వస్తుంది. మోసమనే అర్థం ‘వేయడం’ అన్న క్రియతో వచ్చింది, గాలంతో కాదు.

మళ్లీ నేను:
మాస్టారూ, నమస్కారం. క్రియ సంగతి నాకు తట్టనే లేదు. పిన్నిగారికి చదివి వినిపించాను, కొత్త రేకు చేయిస్తానన్నారు. చేప పేరు కూడా చెక్కించాలని ఆవిడ పట్టుదల. మా ఇంట్లో కొరమీను అంటాం, చేపల బజారులో కొర్రమీను అని వింటున్నాను. మీ వైపు ఏమంటారు?