జెయింట్స్ ఏప్రిల్ జోరును నమ్మాలా? డాడ్జర్స్‌తో పోటీ ఇంకా పోటీయేనా?

ఫ్రీమాంట్_గుంటూరోడు (చర్చ మొదలుపెట్టింది)

కొత్త బేస్‌బాల్ సీజన్ (2026) దగ్గర పడుతోంది. మన బే ఏరియా తెలుగు గ్రూపుల్లో మళ్లీ అదే పాట: మన శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ మొదట్లో ఎగిరెగిరి పడతారు, ఎండాకాలం వచ్చేసరికి చతికిలపడతారు, కాబట్టి ఏప్రిల్ గెలుపులు చూసి మురిసిపోవద్దు. దీనికి అందరూ చూపించే సాక్ష్యం 2025 సీజన్. ఆ సాక్ష్యం సరిగ్గా చదివితే దానికి ఎదురుగానే మాట్లాడుతుందని నా వాదన.

ఏం జరిగిందో ఒకసారి చూద్దాం. సిన్సినాటిలో తొలి మ్యాచ్. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో విల్మర్ ఫ్లోరెస్ మూడు పరుగుల హోమ్ రన్ (బంతిని గోడ దాటించే దెబ్బ) కొట్టాడు, 6-4తో మనదే. రెండోది పోయింది, మూడోది గెలిచాం. తర్వాత హ్యూస్టన్‌కి వెళ్లి మూడుకు మూడు. ఇంటికొచ్చి సియాటిల్ మీద మూడుకు మూడు. అందులో మొదటిది 11 ఇన్నింగ్స్ దాకా సాగి 10-9తో ముగిసింది, గెలిపించిన హిట్ మళ్లీ ఫ్లోరెస్‌దే. తొమ్మిదిలో ఎనిమిది! ఏప్రిల్ 13న యాంకీ స్టేడియంలో మన జంగ్ హూ లీ ఒకే మ్యాచ్‌లో రెండు హోమ్ రన్లు బాదాడు.

జూన్ 13 రాత్రి లాస్ ఏంజెలెస్‌లో, డాడ్జర్స్ సొంత మైదానంలో, కేసీ ష్మిట్ గ్రాండ్ స్లామ్ కొట్టాడు. మూడు బేస్‌ల మీదా మనవాళ్లు ఉండగా బంతి గోడ అవతల పడింది. 6-2. అప్పటికి 70 మ్యాచ్‌లు, 41 గెలుపులు, 29 ఓటములు. డాడ్జర్స్‌వీ అవే అంకెలు. ఇద్దరూ కలిసి మొదటి స్థానంలో.

సీజన్ ముగిసేసరికి 81-81. అంటే మిగతా 92 మ్యాచ్‌ల్లో 40-52. ఇందులో ఏప్రిల్ తప్పేముంది? ఆ తొలి 70 మ్యాచ్‌లు ఆడిన జట్టు నిజంగానే బాగా ఆడింది. చెడిపోయింది తర్వాత. జూన్‌లో మన బ్యాటర్ చాప్‌మన్ చేతికి దెబ్బ తగిలింది. వేరే జట్టు నుంచి బ్యాటర్ డెవర్స్‌ని తెచ్చుకున్నా గెలుపులు పెరగలేదు. జూలై చివర టైలర్ రోజర్స్‌నీ, డోవాల్‌నీ, బ్యాటర్ యాస్ట్రెమ్స్కీనీ వేరే జట్లకి ఇచ్చేశారు. చివరి రెండు మూడు ఇన్నింగ్స్‌ను కాపాడే బౌలర్లను, అదే రిలీఫ్ పిచ్చర్లను వదిలేసుకుని "ఏప్రిల్ మోసం చేసింది" అంటే ఎలా?

---

ఆరెంజ్‌కౌంటీ_బ్లూ

అన్నా, లెక్కలు బాగున్నాయి. ఇప్పుడు అవతలి వైపు చూడు. 2025లో మా డాడ్జర్స్ మొదలుపెట్టింది 8-0తో. ముందు ఏడాది టైటిల్ గెలిచిన జట్టు అంత బాగా సీజన్ మొదలుపెట్టడం అంతకు ముందు ఎప్పుడూ లేదు. తర్వాత? మా పిచ్చర్లలో స్నెల్ రెండు మ్యాచ్‌లు వేసి గాయంతో ఆగస్టు దాకా కనిపించలేదు. గ్లాస్నో ఏప్రిల్ చివర్లో వెళ్లి జూలైలో తిరిగొచ్చాడు. ఒహ్తానీ జూన్ మధ్య దాకా బంతే వేయలేదు. గెలిచింది 93. మా స్థాయికి అది తక్కువే. కానీ అక్టోబరుకి వీళ్లందరూ సిద్ధంగా ఉన్నారు. టొరంటోలో వరల్డ్ సిరీస్ (ఫైనల్) ఏడో మ్యాచ్ 11 ఇన్నింగ్స్ దాకా వెళ్తే, ముందు రోజే మ్యాచ్ మొదలుపెట్టిన యమమొటో మళ్లీ వచ్చి ముగించాడు. 5-4.

మేం ఏప్రిల్‌లో గెలవడానికి జట్టు కట్టం. అదీ తేడా. ఇక పోటీ అంటావా, 2025లో మీతో 13 ఆడాం, 9 గెలిచాం.

---

వరంగల్_టు_సన్నీవేల్

నేను బేస్‌బాల్ కొత్తగా చూస్తున్నాను, క్రికెట్ కళ్లతోనే. 162 మ్యాచ్‌ల్లో తొమ్మిదంటే ఐపీఎల్ లీగ్ దశలో ఒక్క మ్యాచ్ కూడా కాదు కదా? 2025లో మన సన్‌రైజర్స్ తొలి మ్యాచ్‌లోనే రాజస్థాన్ మీద 286 కొట్టింది. ఉప్పల్‌లో ఆ రోజు ఇషాన్ కిషన్ సెంచరీ చూసి కప్పు మనదే అనుకున్నాం. వెంటనే వరసగా నాలుగు ఓడి చివరికి ఆరో స్థానంలో మిగిలాం. మరి జెయింట్స్ 8-1ని ఎందుకు పట్టించుకోవాలి? నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

---

క్యాండిల్‌స్టిక్_కాలం

అమ్మా, మంచి ప్రశ్న. దానికి జవాబు ఈ రెండు జట్ల చరిత్రలోనే ఉంది. 1951లో రెండూ న్యూయార్క్‌లో ఉండేవి. ఆ ఏడాది జెయింట్స్ మొదలుపెట్టింది 2-12తో, వరసగా 11 ఓటములు. మే 25న విల్లీ మేస్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు జట్టులోకి వచ్చాడు. బ్యాట్ పట్టిన తొలి 12 సార్లు ఒక్క హిట్ లేదు. ఆ తర్వాత పిచ్చర్ వారెన్ స్పాన్ మీద హోమ్ రన్. ఆగస్టులో డాడ్జర్స్ కంటే పదమూడు ఆటలకు పైగా వెనకబడ్డారు. అయినా పట్టుకున్నారు. ఇద్దరికీ 96 గెలుపులు. మూడు మ్యాచ్‌ల టై బ్రేకర్, అక్టోబర్ 3న చివరి ఇన్నింగ్స్‌లో బాబీ థామ్సన్ హోమ్ రన్. బేస్‌బాల్‌లో అంతకంటే పేరున్న దెబ్బ లేదు. దూరబీన్ పెట్టి అవతలివాళ్ల సంకేతాలు దొంగచాటుగా చూశారన్న సంగతి తర్వాత బయటికొచ్చింది, అది నాకు ఇప్పటికీ బాధే.

ఏప్రిల్ అంత చెత్తగా ఆడిన జట్టు లీగ్ గెలిచింది. కాబట్టి తమ్ముడూ, ఏప్రిల్‌తో జట్టును కొలవొద్దు, మంచికైనా చెడుకైనా.

---

ఫ్రీమాంట్_గుంటూరోడు

బాబాయ్, 1951 కథ నా వైపే ఉంది! చివరికి ఇద్దరూ సమానమయ్యారు కదా. ఆ 11 ఓటముల్లో ఒక్కటి గెలిచి ఉంటే టై బ్రేకర్ ఉండేదే కాదు, థామ్సన్ దాకా పోవాల్సిన పనే లేదు. 2021 చూడండి. మనకి 107, డాడ్జర్స్‌కి 106. డివిజన్ (మన ఐదు జట్ల గుంపు) తేలింది ఒక్క మ్యాచ్‌తో. ఆ ఒక్కటి సెప్టెంబర్‌దే అని ఎవరు చెప్పగలరు?

వరంగల్ అక్కా, మీ ప్రశ్నకి నా జవాబు ఇది. తొమ్మిది మ్యాచ్‌లు జట్టు ఎంత గొప్పదో చెప్పవు, ఒప్పుకుంటాను. కానీ గెలుపు గెలుపే. 2025లో లీగ్‌లో ఆఖరి వైల్డ్ కార్డ్ (డివిజన్ గెలవని జట్టుకి ప్లేఆఫ్స్‌లో చోటు) సిన్సినాటి రెడ్స్‌కి దక్కింది, 83 గెలుపులకే. మనకి 81. ఏప్రిల్ 7, 8 తేదీల్లో అదే రెడ్స్ మన మైదానానికి వచ్చి 2-0, 1-0తో గెలిచి వెళ్లారు. రెండు రోజుల్లో మన పిచ్చర్లు ఇచ్చింది మూడే పరుగులు. మన బ్యాటర్లు చేసింది సున్నా. ఆ రెండు మ్యాచ్‌లు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

---

ఆరెంజ్‌కౌంటీ_బ్లూ

ఆ రెండూ గెలిచినా మీకు ప్లేఆఫ్స్ లేవు అన్నా. న్యూయార్క్ మెట్స్‌కి కూడా 83 ఉన్నాయి. మీరూ 83 దగ్గర ఆగితే ముఖాముఖి లెక్క చూస్తారు, ఆ ఏడాది మీ మీద మెట్స్‌దే పైచేయి. జూలైలో శాన్ ఫ్రాన్సిస్కోలోనే మూడుకు మూడు గెలిచారు.

ఇంకో మాట. మేం ఒహ్తానీకి పదేళ్లకి 70 కోట్ల డాలర్లు రాసిచ్చాం, అందులో 68 కోట్లు తర్వాత కట్టేలా. అలాంటి పని మీవాళ్లు చేయనంత కాలం ఇది ఒకే మెట్టు మీద ఉన్నవాళ్ల పోటీ కాదు. అభిమానంతో చెప్తున్నా, నాకు జెయింట్స్ బలంగా ఉంటేనే మ్యాచ్ చూడాలనిపిస్తుంది.

---

క్యాండిల్‌స్టిక్_కాలం

డబ్బు మాట నిజమే. కానీ 2021లో కూడా వాళ్ల దగ్గర డబ్బు ఎక్కువే. 107 గెలిచింది మనం. ప్లేఆఫ్స్‌లో డాడ్జర్స్‌తో ఐదో మ్యాచ్ చివరి బంతికి ఫ్లోరెస్ బ్యాట్ సగంలో ఆపుకున్నాడు, అంపైర్ మాత్రం ఊపాడని అవుటిచ్చాడు. మనల్ని ఇంటికి పంపింది ఆ నిర్ణయం. ఆ బంతి ఎన్నిసార్లు చూసినా నా కంటికి అది స్వింగ్ కాదు.

---

వరంగల్_టు_సన్నీవేల్

అయితే మరి 2025లో డాడ్జర్స్ చేతిలో 4-9 ఎలా అయింది? జూన్ దాకా సమానంగా ఉన్నారంటున్నారు కదా.

---

ఫ్రీమాంట్_గుంటూరోడు

అక్కా, అసలు సంగతి అక్కడే ఉంది. ఆ ఏడాది జూన్ 13 దాకా ఈ రెండు జట్లూ ఒక్కసారి కూడా తలపడలేదు. అక్కడి నుంచి వరస చూడండి. జూన్ 13 గెలిచాం, తర్వాతి రెండూ పోయాయి. జూలై 11న 8-7తో గెలిచాం, తర్వాతి రెండూ పోయాయి. సెప్టెంబర్ 12న పదో ఇన్నింగ్స్‌లో ప్యాట్రిక్ బెయిలీ గ్రాండ్ స్లామ్‌తో 5-1, మన మైదానం ఓరకిల్ పార్క్ ఊగిపోయింది. మర్నాడు 13-7, ఆ మర్నాడు 10-2, రెండూ వాళ్లవే. ప్రతిసారీ మొదటి రోజు సమ ఉజ్జీ, తర్వాత చేతులెత్తేయడం. నాలుగోసారి లాస్ ఏంజెలెస్‌లో మూడు ఓడాక చివరిది గెలిచాం.

బ్లూ, మెట్స్ సంగతి ఎత్తావు కాబట్టి ఇదీ చూడు. మీ చేతిలో ఆ తొమ్మిది ఓటముల్లో మూడు ఒక్క పరుగు తేడాతో పోయినవి: జూన్ 15న 5-4, జూలై 12న 2-1, సెప్టెంబర్ 18న 2-1. ఆ మూడూ మనవైతే ముఖాముఖి 7-6. మొత్తం 84 గెలుపులు. 84 ఉంటే రెడ్స్‌తోనూ మెట్స్‌తోనూ ముఖాముఖి లెక్క అక్కర్లేదు, నేరుగా ప్లేఆఫ్స్.

---

క్యాండిల్‌స్టిక్_కాలం

నువ్వు చెప్పిన ఆ మూడింటిలో ఒక్కటీ ఏప్రిల్‌లో లేదు తమ్ముడూ. నేను మొదటి నుంచీ అంటున్నది అదే.

---

ఫ్రీమాంట్_గుంటూరోడు

లేదు బాబాయ్. కానీ ఏప్రిల్‌లో ఆ గెలుపులు కూడబెట్టుకోకపోతే, 40-52తో ఆడిన జట్టు సెప్టెంబర్ 18న ప్లేఆఫ్స్ గురించి ఆలోచించే పరిస్థితిలోనే ఉండేది కాదు. ఈసారి కొత్త మేనేజర్ టోనీ విటెల్లో వచ్చాడు, టెన్నెసీ యూనివర్సిటీ జట్టు నుంచి నేరుగా. ఏప్రిల్‌లో నేను స్కోరు కంటే ఎక్కువగా చూసేది ఏడో ఇన్నింగ్స్ తర్వాత బంతి ఎవరి చేతికి ఇస్తున్నాడన్నదే. రోజర్స్, డోవాల్ స్థానంలో నమ్మకంగా నిలబడేవాళ్లు ఇద్దరు దొరికితే చాలు, డాడ్జర్స్ మీద ఆ ఒక్క పరుగు మ్యాచ్‌లు మనవైపు తిరుగుతాయి.