రక్తపింజర విషానికి నానోబాడీలు: క్లోన్లన్నీ ప్లేటుకే అంటుకుంటున్నాయి, ఏం చేయాలి?

దివిసీమ అమ్మాయి:
అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ మూడో ఏడులో ఉన్నాను. పాము కరిచిన మనిషి రక్తంలో రక్తపింజర విషం ఉందో లేదో చెప్పే స్ట్రిప్ చేయాలని నా పని. విషాన్ని పట్టేది నానోబాడీ, అంటే ఒంటె యాంటీబాడీలోని చిన్న పట్టు ముక్క. అందుకని రాజస్థాన్‌లో ఒక ఒంటెకి వారానికొకటి చొప్పున ఆరు విషం ఇంజెక్షన్లు వేయించి 50 మి.లీ. రక్తం తెచ్చుకున్నాం. దాన్నుంచి చేసిన లైబ్రరీ (ఒక్కొక్కటీ ఒక్కో నానోబాడీని మోసే ఫేజ్‌ల, అంటే బ్యాక్టీరియా వైరస్‌ల, గుంపు) బాగానే వచ్చింది. ప్లాస్టిక్ ప్లేటుకి విషం మొత్తంగా కోట్ చేసి, మిగిలిన ఖాళీని పాలపొడితో బ్లాక్ చేసి (కప్పి) మూడు రౌండ్లు ప్యానింగ్ చేశాను, అంటే అంటుకున్న ఫేజ్‌లనే ఏరి పెంచాను. అందులోంచి 94 క్లోన్లు (విడివిడి నానోబాడీలు) ఎలైజాలో, అంటే అంటుకుంటే రంగు తిరిగే పరీక్షలో, పెడితే 31 పసుపు తిరిగాయి. ఆ రాత్రే అమ్మకి ఫోన్ చేసి చెప్పేశాను. మర్నాడు చూస్తే విషం వేయని వెల్స్‌లోనూ (ప్లేటు గుంటల్లోనూ) అదే పసుపు.

వరికోతలప్పుడు మా నాన్నకి పాము కరిస్తే, ఆసుపత్రిలో గాజు ట్యూబులో కాస్త రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచారు. నర్సమ్మ ట్యూబు వంచితే రక్తం గడ్డకట్టలేదు, నీళ్లలా జారింది. రక్తపింజర విషం చేసే పని అదే. నాన్న బతికారు కానీ ఆ 20 నిమిషాలు నేను మర్చిపోలేను. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి.

పాత బెంచి:
అమ్మా, లైబ్రరీని అనుమానించకు. మూడు రౌండ్లూ అదే ప్లాస్టిక్, అవే పాలు అయితే వాటికి అంటుకునే ఫేజ్‌లే గెలుస్తాయి. పైగా రక్తపింజర విషంలో ప్రోటీన్లని కోసే ప్రోటీజులు ఉంటాయి, పాలలోని కేసీన్ ప్రోటీన్‌ని కొరుకుతాయి. నువ్వు బ్లాక్ చేశాననుకున్న చోట ప్లాస్టిక్ బయటపడి ఉంటుందని నా అనుమానం.

మొదటి రౌండు ఫేజ్ ఉంటే అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టు. విషం మొత్తం వద్దు, అందులోని ఒక ఎంజైము, శుద్ధి చేసిన ఫాస్ఫోలైపేస్ ఏ2 ఒక్కటే తీసుకుని బయోటిన్ (స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్‌కి గట్టిగా అతుక్కునే విటమిన్) కట్టు. ఫేజ్‌ని ముందు ఖాళీ స్ట్రెప్టావిడిన్ పూసలతో గంటసేపు తిప్పి, అంటుకోకుండా మిగిలినవే వాడు. ఇక్కడ పాలు మాత్రం వాడకు, పాలలోనే బయోటిన్ ఉంటుంది. బీఎస్‌ఏతో (ఆవు రక్తంలోని ప్రోటీన్‌తో) బ్లాక్ చెయ్యి.

స్ట్రిప్ దగ్గర ఇంకో చిక్కు. మామూలు యాంటీబాడీ బరువు 150 కిలోడాల్టన్లు, నానోబాడీది 15. అంత చిన్నదాన్ని నేరుగా స్ట్రిప్‌లోని నైట్రోసెల్యులోజ్ పొర మీద గీస్తే పట్టుకునే ముఖమే కిందికి పడిపోవచ్చు. తోక వైపు బయోటిన్ పెట్టి, స్ట్రెప్టావిడిన్ గీత మీద నిలబెట్టు. విషాన్ని రెండు వేర్వేరు చోట్ల పట్టే జత కూడా కావాలి, ఒక్క క్లోన్‌తో శాండ్‌విచ్ (ఒకటి విషాన్ని పట్టి ఆపితే, రెండోది రంగు చూపడం) కుదరదు.

డ్యూటీ డాక్టర్:
మీ పని చూసి సంతోషంగా ఉందమ్మా. ఒక్క మాట. మన దగ్గర నాలుగు పాములకీ (నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర) ఒకటే విరుగుడు మందు, కాబట్టి పాము పేరు తెలిసినా వయల్ (మందు సీసా) మారదు. అయినా కట్లపాము సంగతి ఆలోచించండి. దానికి ఆ ట్యూబు పరీక్షలో రక్తం మామూలుగానే గడ్డకడుతుంది, కాటు గుర్తు కూడా చాలాసార్లు కనపడదు. నేల మీద పడుకున్న పిల్లవాడు తెల్లారేసరికి రెప్పలు వాలిపోయి వస్తాడు. నాకు స్ట్రిప్ అవసరం అక్కడ ఇంకా ఎక్కువ.

చికిత్స వైపు కూడా ఆశ ఉంది. 2025లో డెన్మార్క్ టెక్నికల్ యూనివర్సిటీ వాళ్లు ఎనిమిది నానోబాడీల మిశ్రమంతో, 18 ఆఫ్రికా పాముల్లో 17 విషాల నుంచి ఎలుకల్ని కాపాడారు.

దివిసీమ అమ్మాయి:
ఇద్దరికీ దండాలు. ఆ 31 క్లోన్ల డీఎన్‌ఏని సీక్వెన్స్ చేయిస్తే (చదివిస్తే) 22 ఒకటే వచ్చాయి, మీరన్నదే నిజం. మొదటి రౌండుది గ్లిసరాల్‌లో కలిపి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచినది ఉంది. పూసలు సోమవారం వస్తాయి. కట్లపాము విషానికి లైసెన్సు సంగతి మా సార్‌ని ఇవాళే అడుగుతాను.