‘వాన కురిసి చెరువు నిండింది’ తప్పా?

ఇక్కడ ఒకరు పోస్ట్ చేసిన ఈ వాక్యం వ్యాకరణం ప్రకారం తప్పని కొందరు అన్నారు. అక్కడ మొదలైన చర్చ ‘వ్యాకరణం పూర్తిగా వచ్చాకే దాన్ని దాటాలి’ అనేదాకా వచ్చింది కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

సూత్రం ఉన్న మాట నిజమే. వచ్చి, తిని, కురిసి లాంటి క్త్వార్థకానికీ (ముందు జరిగిన పనిని చెప్పి, వాక్యాన్ని ముగించకుండా వదిలే క్రియ), వాక్యం చివరి క్రియకూ కర్త ఒకటే ఉండాలి. ‘అక్క స్నానం చేసి బయటికి వెళ్లింది’ బాగుంది. ‘అక్క స్నానం చేసి తమ్ముడు బయటికి వెళ్లాడు’ అని చూడండి, అక్షరం ముక్క రానివాళ్లకు కూడా ఎబ్బెట్టుగా ఉంటుంది. మరి మన వాక్యంలో కురిసింది వాన, నిండింది చెరువు. అయినా చెవికి ఏ ఇబ్బందీ లేదు. కురవడం కారణం, నిండడం ఫలితం కాబట్టి రెండూ అతుక్కుపోయాయి. ‘కాలు జారి పడ్డాడు’, ‘ఎండ తగిలి మొక్క వాడిపోయింది’ కూడా ఇంతే. తెలుగు మాట్లాడేవాళ్లంతా కలిసి ఇచ్చుకున్న వెసులుబాటు ఇది. సూత్రం పేరు తెలియకుండానే అందరూ దాన్ని సరిగ్గా వాడుతున్నారు.

అందుకే ‘ముందు పూర్తిగా నేర్చుకో’ అన్న షరతు నాకు నచ్చదు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రాతల్లోంచే గిడుగు రామమూర్తి తప్పులు ఏరి చూపించారు. జీవితమంతా చదివినవాళ్లకే పూర్తిగా పట్టుబడనిదాన్ని, కొత్తగా రాసేవాళ్లకు గుమ్మంలోనే అడ్డం పెడితే ఎలా?

స్పెల్లింగు సంగతి మాత్రం వేరు. అక్కడ చెవి సాయపడదు. అర్థం, అర్ధం చాలామంది నోట ఒకేలా పలుకుతాయి. మొదటిది భావం, రెండోది సగం. ఇది కంటితో చూసి నేర్చుకోవాల్సిందే. కథలో పిల్లాడు ‘అమ్మా, నీల్లు’ అంటే ఆ ‘ల్లు’లో వాడి గొంతు వినిపిస్తుంది. కథ చెప్పేవాళ్లు కూడా ‘గ్లాసులో నీల్లు పోసింది’ అని రాశారంటే ఆ గొంతు పోయినట్టే. పిల్లాడి మాట విడిగా వినిపించాలంటే మిగతా చోట్ల ‘నీళ్లు’ అని రాయడం తెలిసుండాలి.

వాక్యం పోస్ట్ చేసినవారికి: దాన్ని ‘వాన కురవడంతో చెరువు నిండింది’ అని మార్చమన్న సలహా దయచేసి వినకండి. మీరు రాసిందే బాగుంది. మీ పోస్టు మూడో లైనులో ‘విద్యార్ధులు’ అని పడింది, అది మాత్రం ‘విద్యార్థులు’ చేయండి.